అమెరికా మహిళా కాలేజీల ప్రవేశాల లెక్కలు: మన అమ్మాయి వరస ఏదో వెతుక్కోవడం ఎలా

అమెరికాలోని మహిళా లిబరల్ ఆర్ట్స్ (ఒక్క వృత్తి విద్యకే పరిమితం కాకుండా సాహిత్యం, సైన్సు, సామాజిక శాస్త్రాలు అన్నీ చదివించే) కాలేజీలకు, అంటే వెల్‌స్లీ, బార్నార్డ్, స్మిత్, బ్రిన్ మార్, మౌంట్ హోల్యోక్ వంటి వాటికి, అమ్మాయి చేత దరఖాస్తు పెట్టించాలనుకునే తల్లిదండ్రులు మొదట అడిగేది నూటికి ఎందరికి సీటు ఇస్తారనే. బార్నార్డ్‌లో ఆ శాతం ఇటీవలి సంవత్సరాల్లో పది లోపే ఉంటోంది. వెల్‌స్లీలో 13, 14 దగ్గర తిరుగుతోంది. మౌంట్ హోల్యోక్‌లో మూడో వంతు దాటి ఉంటోంది. ఎప్‌సెట్ చివరి ర్యాంకులు చూసి కాలేజీ ఎంచుకోవడానికి అలవాటుపడిన మనకు ఈ శాతం కూడా అలాంటిదే అనిపిస్తుంది గానీ, రెండింటికీ పోలిక లేదు. చివరి ర్యాంకుల పట్టికలో ఓసీ అమ్మాయిలకు ఒక గడి, బీసీ అబ్బాయిలకు ఒక గడి, బ్రాంచికి ఒక వరస ఉంటాయి కనుక, మనకు సంబంధించిన గడి మీద వేలు పెట్టి చూపించవచ్చు. కాలేజీవాళ్లు ప్రకటించే మొత్తం శాతంలో అందరూ కలగలిసి ఉంటారు. వాళ్లను విడదీసి మన అమ్మాయి నిలబడే వరస ఏదో తేల్చుకునే పని మనదే, దానికి కావలసిన సరుకు దాదాపు అంతా బహిరంగంగానే దొరుకుతుంది.

ఆ సరుకు ఉండే పత్రం పేరు కామన్ డేటా సెట్. చాలా కాలేజీలు ఏటా ఒకే నమూనా ఫారాన్ని నింపి తమ వెబ్‌సైట్‌లో పీడీఎఫ్‌గా పెడతాయి. కాలేజీ పేరు పక్కన ఈ మాట చేర్చి వెతికితే దొరుకుతుంది. ఫారంలో ఎ నుంచి జె వరకు పది విభాగాలు ఉంటాయి. మనకు ముఖ్యమైనవి మూడు: మొత్తం విద్యార్థుల లెక్కలుండే బి, ప్రవేశాల లెక్కలుండే సి, ఆర్థిక సహాయం లెక్కలుండే హెచ్. ఈ ఫారం నింపడం కాలేజీల ఇష్టం. దానికి తోడు అమెరికా విద్యాశాఖ గణాంక విభాగం నడిపే కాలేజ్ నావిగేటర్ అనే సైటు కూడా ఉంది. ప్రభుత్వ విద్యార్థి సహాయ పథకాల్లో ఉన్న కాలేజీలన్నీ దానికి లెక్కలు ఇచ్చి తీరాలి కనుక, ఏదైనా అంకె మీద అనుమానం వస్తే అక్కడ సరిచూసుకోవచ్చు.

సంవత్సరం విషయంలో జాగ్రత్త అవసరం. 2024-25 అని రాసి ఉన్న పత్రంలో 2024 ఆగస్టు, సెప్టెంబరుల్లో చేరినవారి లెక్క ఉంటుంది. వాళ్లు దరఖాస్తు పెట్టింది 2023 చివర్లోనో 2024 మొదట్లోనో. పట్టా పుచ్చుకోవలసింది 2028లో కనుక అమెరికన్లు వాళ్లను క్లాస్ ఆఫ్ 2028 అంటారు. ఏ బ్యాచ్ అని అడిగితే మన దగ్గర కొందరు చేరిన ఏడు, కొందరు బయటికొచ్చిన ఏడు చెప్పినట్టే, ఈ మూడు తేదీలనూ కలిపేసుకుని రెండు వేర్వేరు ఏళ్ల అంకెలను పక్కపక్కన పెట్టేవాళ్లను నేను చాలామందిని చూశాను.

ఇక సి విభాగంలోని మొదటి పట్టిక, అంటే సి1. కిందటేడు మా అక్క కూతురితో కలిసి ఒక కాలేజీ పత్రాన్ని అచ్చు తీసి, వరస తప్పకుండా స్కేలు అడ్డం పెట్టుకుని చదువుతుంటే, ఆ పిల్ల ఒకచోట ఆగి, “పిన్నీ, మగవాళ్ల గడి ఖాళీగా ఉందేంటి, నింపడం మర్చిపోయారా?” అని అడిగింది. మర్చిపోలేదు, దేశంలోని అన్ని కాలేజీలకూ ఫారం ఒకటే కనుక మహిళా కాలేజీలో ఆ గడికి పని లేదు. అదే పిల్ల మరో కాలేజీ పత్రంలో, బి విభాగంలో, మగ విద్యార్థులు కొందరు ఉండటం చూసి ఇంకా ఆశ్చర్యపోయింది. స్మిత్, బ్రిన్ మార్ కాలేజీల్లో డిగ్రీ చదువు అమ్మాయిలకే అయినా పీజీ కోర్సుల్లోకి మగవాళ్లనూ తీసుకుంటారు. వెల్‌స్లీలో పీజీ కోర్సులే లేవు. అందుకని మొత్తం విద్యార్థుల సంఖ్య చూసేటప్పుడు డిగ్రీ వరసను మాత్రమే చూడాలి.

మొదటి పట్టికలో దరఖాస్తు పెట్టినవారు, సీటు వచ్చినవారు, చేరినవారు అని మూడు అంకెలు ఉంటాయి. రెండోదాన్ని మొదటిదానితో భాగిస్తే అందరూ చెప్పుకునే శాతం వస్తుంది. మూడోదాన్ని రెండోదానితో భాగిస్తే వచ్చేదాన్ని యీల్డ్ అంటారు, అంటే సీటు ఇస్తామన్నవాళ్లలో నిజంగా వచ్చి చేరినవాళ్ల వాటా. సీటు దొరికే శాతాన్ని కోఎడ్, అంటే అబ్బాయిలూ అమ్మాయిలూ కలిసి చదివే, కాలేజీ శాతంతో పోల్చేవాళ్లు ఒక సంగతి మరిచిపోతుంటారు. మహిళా కాలేజీకి దరఖాస్తు పెట్టేది దాదాపు అమ్మాయిలే కనుక, పోలిక కోసం కోఎడ్ కాలేజీ మొత్తం శాతాన్ని కాక అక్కడి అమ్మాయిల శాతాన్ని తీసుకోవాలి. 1861లో మహిళల కోసమే స్థాపించిన వాసర్ కాలేజీ 1969 నుంచి అబ్బాయిలనూ చేర్చుకుంటోంది. దరఖాస్తుల్లో అమ్మాయిల సంఖ్య బాగా ఎక్కువ కావడంతో అక్కడ అమ్మాయిలకు సీటు దొరికే శాతం అబ్బాయిల శాతం కన్నా తక్కువగా ఉంటూ వచ్చింది. ఎంఐటీలో పరిస్థితి తిరగబడి ఉంటుంది. కాబట్టి వెల్‌స్లీనీ వాసర్‌నూ పక్కపక్కన పెట్టేటప్పుడు వాసర్ పత్రంలో అమ్మాయిల వరస తీసుకుని మీరే భాగించుకోండి. ప్రకటనల్లో కనిపించే అంకె ఇందుకు పనికిరాదు.

ఎక్కువ సమయం పెట్టవలసింది సి21 దగ్గర, అంటే సి విభాగంలో ఎర్లీ డెసిషన్ లెక్కలుండే 21వ అంశం దగ్గర. ఎర్లీ డెసిషన్ అంటే, సీటు ఇస్తే తప్పక చేరతానని మాట ఇచ్చి, సాధారణంగా నవంబరు మొదట్లోనే, ఒకే ఒక్క కాలేజీకి పెట్టే దరఖాస్తు. చాలా మహిళా కాలేజీల్లో జనవరిలో రెండో విడత కూడా ఉంటుంది. ఎందరు ఇలా పెట్టారు, ఎందరికి వచ్చింది అన్నవి ఈ గడిలో ఉంటాయి. లెక్క అర్థం కావడానికి ఒక ఊహా కాలేజీని తీసుకుందాం. ఈ అంకెలు ఏ నిజమైన కాలేజీవీ కావు. మొత్తం దరఖాస్తులు 8,000, సీటు వచ్చినవారు 1,120, చేరినవారు 600. పైకి కనిపించే శాతం 14. సి21లో 900 మంది పెట్టారు, 300 మందికి వచ్చింది అని ఉందనుకుందాం. ఆ వరసలో శాతం 33 దాటింది. మిగిలిన 7,100 మందిలో 820 మందికే వచ్చింది, అంటే 11.5 శాతం. ఎర్లీ డెసిషన్ వాళ్లంతా చేరతారు కనుక 600 సీట్లలో సగం అప్పటికే నిండిపోయింది. మామూలు గడువులో సీటు వచ్చిన 820 మందిలో చేరింది 300 మంది, అంటే యీల్డ్ 36 చిల్లర. 14 అన్న అంకె ఈ రెండు వరసల్లో దేనికీ వర్తించదన్నమాట.

అలాగని 33 చూసి ఎగిరి గంతేయడం కూడా తప్పే. ముందుగా మాట ఇచ్చి పెట్టేవాళ్లలో కోచ్‌లు ఎంపిక చేసుకున్న క్రీడాకారిణులు ఉంటారు. కొన్ని కాలేజీలు, తక్కువ ఆదాయం గల ఇళ్ల ప్రతిభావంతులను కాలేజీలకు చేర్చే క్వెస్ట్‌బ్రిడ్జ్ పథకం ద్వారా వచ్చినవాళ్లనూ ఇందులోనే లెక్కిస్తాయి. పైగా ఆ కాలేజీయే కావాలని నిశ్చయించుకుని దరఖాస్తును బాగా చెక్కుకున్న పిల్లలే ఈ విడతలో ఎక్కువ. శాతంలోని తేడా అంతా గడువు వల్ల వచ్చిందే అనుకోకూడదు. ఇంకొక మాట: మాట ఇచ్చాక సహాయం ఎంత ఇస్తారో ఇతర కాలేజీలతో పోల్చుకునే వీలుండదు. ఏడాది ఖర్చు 90 వేల డాలర్లు దాటిన వెల్‌స్లీ వంటి చోట ఇది చిన్న విషయం కాదు.

తెలుగు కుటుంబాలు అన్నిటికన్నా ఎక్కువగా తడబడేది అమ్మాయి ఏ వరసలోకి వస్తుందన్న దగ్గరే. బి2 పట్టికలో విద్యార్థులను జాతుల వారీగా విడదీస్తారు, అయితే అన్నిటికన్నా ముందు నాన్ రెసిడెంట్ అనే వరస ఉంటుంది. తాత్కాలిక వీసా మీద ఉన్నవాళ్లందరూ, ఏ జాతివారైనా, అందులోకే పోతారు. గుంటూరు నుంచి విద్యార్థి వీసా మీద వెళ్లే అమ్మాయి అక్కడికి వస్తుందని అందరికీ తెలుసు. కానీ నాలుగో తరగతి నుంచి న్యూజెర్సీలోనే చదివి, నాన్న హెచ్1బీ మీద ఉండటం వల్ల హెచ్4 వీసాతో నెట్టుకొస్తున్న అమ్మాయి కూడా ఈ లెక్కలో నాన్ రెసిడెంటే. అదే వీధిలో గ్రీన్‌కార్డు వచ్చిన ఇంటి అమ్మాయి ఏషియన్ వరసలోకి వెళుతుంది. అమెరికాలో పుట్టి, రెండేళ్ల వయసులో హైదరాబాద్ వచ్చేసి, ఇక్కడే ఇంటర్ చదివిన అమ్మాయి పాస్‌పోర్టు అమెరికాది కనుక ఆమె కూడా ఏషియన్ వరసే. చదివిన ఊరిని బట్టి కాదు, చేతిలోని కాగితాన్ని బట్టి ఈ వరస తేలుతుంది.

దీనివల్ల డబ్బు దగ్గర పెద్ద తేడా వస్తుంది. వెల్‌స్లీ, బార్నార్డ్ వంటివి అమెరికా పౌరుల విషయంలో నీడ్ బ్లైండ్ పద్ధతి పాటిస్తాయి, అంటే సీటు ఇచ్చేటప్పుడు ఆర్థిక సహాయం అడిగారా లేదా అన్నది చూడవు. విదేశీ విద్యార్థుల విషయంలో అది చూస్తాయి. దాన్ని నీడ్ అవేర్ అంటారు. హెచ్6లో నాన్ రెసిడెంట్ విద్యార్థుల్లో ఎందరికి కాలేజీ సొంత నిధుల నుంచి సహాయం అందింది, సగటున ఎంత అందింది అన్నవి ఉంటాయి. అందుకున్నవాళ్ల సంఖ్యను బి2లోని నాన్ రెసిడెంట్ డిగ్రీ విద్యార్థుల మొత్తంతో భాగించండి. నూటికి 30 వచ్చి, సగటు సహాయం మొత్తం ఖర్చుకు దగ్గరగా ఉంటే, ఆ కాలేజీ కొద్దిమందికే అయినా దండిగా ఇస్తోందని అర్థం. నూటికి 80 వచ్చి సగటు చిన్నదిగా ఉంటే, చాలామందికి తలా కొంత పంచుతోందని అర్థం. ఏడాదికి పాతిక లక్షలే పెట్టుకోగల ఇంటికి మొదటి రకం కాలేజీలో గెలుపు కష్టం, రెండో రకంలో గెలిచినా చేరడం కష్టం. ఎవరి సంగతి ఏమో గానీ, నేనైతే మొత్తం శాతం కన్నా ముందు ఈ రెండు అంకెలే చూస్తాను.

ఇటీవలి ఫారాల్లో సి1 కిందే దరఖాస్తులను అదే రాష్ట్రం, ఇతర రాష్ట్రాలు, విదేశాలు అని విడదీసే గడులు చేర్చారు. కాలేజీ వాటిని నింపి ఉంటే విదేశీయుల శాతం నేరుగా వచ్చేస్తుంది. మొత్తం శాతం కన్నా అది బాగా తక్కువ ఉంటే కంగారుపడవద్దు గానీ, దాన్నే మీ అంకెగా రాసుకోండి.

అమెరికా కాలేజీ ప్రవేశాలకు రాసే శాట్ పరీక్ష మార్కుల గురించి క్లుప్తంగా చెబుతాను. సి9లో 25, 50, 75 పర్సెంటైల్ మార్కులు ఇస్తారు. అవి సీటు వచ్చినవాళ్లవి కావు, చేరినవాళ్లవి, అందులోనూ మార్కులు పంపినవాళ్లవి మాత్రమే. మౌంట్ హోల్యోక్ 2001లోనూ, బ్రిన్ మార్ 2014లోనూ మార్కులు పంపడం ఐచ్ఛికం చేశాయి, కొవిడ్ నాటికి చాలా కాలేజీలు అదే దారి పట్టాయి. మార్కులు తక్కువ వచ్చినవాళ్లు పంపడం మానేస్తారు కనుక, పంపినవాళ్ల సగటు సహజంగానే పైకి పోతుంది. పట్టిక పక్కనే ఎంత శాతం పంపారో ఉంటుంది; అది చూడకుండా 25 పర్సెంటైల్ అంకె చూసి మా అమ్మాయికి రాదని తేల్చేయకండి. తరగతిలో ర్యాంకు చూపే సి10ని కూడా ఇలాగే ఎంతమంది ర్యాంకు పంపారో చూశాకే నమ్మాలి.

చేరాక నిలుస్తారా అన్నది బి విభాగం చివర్లో ఉంటుంది. మొదటి ఏడాది చేరినవాళ్లలో రెండో ఏడాదికి ఎంతమంది తిరిగి వచ్చారన్నది ఒకటి, ఆరేళ్లలోపు ఎంతమంది పట్టా పుచ్చుకున్నారన్నది ఇంకొకటి. రెండోది ఆరేళ్ల కిందట చేరిన బృందం సంగతి. మహిళా కాలేజీల్లో ఇంకో మెలిక ఉంది: చదువు మధ్యలో ఆగిపోయిన పెద్ద వయసు మహిళల కోసం వెల్‌స్లీలో డేవిస్ స్కాలర్స్, స్మిత్‌లో ఆడా కామ్‌స్టాక్ స్కాలర్స్, మౌంట్ హోల్యోక్‌లో ఫ్రాన్సెస్ పెర్కిన్స్ అనే దారులు ఉన్నాయి. మరోచోట కొంత చదివి వచ్చినవాళ్లు మొత్తం విద్యార్థుల్లో లెక్కకు వస్తారు గానీ, ఇంటర్ ముగించి నేరుగా చేరే బృందంలోకి రారు. మొత్తాన్ని నాలుగుతో భాగించి ఏడాదికి ఇన్ని సీట్లని లెక్క కడితే తేడా వచ్చేది అందుకే. సి1లోని చేరినవారి అంకెనే సీట్ల సంఖ్యగా తీసుకోండి. వెల్‌స్లీలో మొత్తం సుమారు 2,400 మంది, బ్రిన్ మార్‌లో డిగ్రీ విద్యార్థులు సుమారు 1,400 మంది మాత్రమే, కాబట్టి ఇరవై ముప్ఫై మంది అటూ ఇటూ అయినా శాతాలు ఊగుతాయి. ఒక్క ఏడాది పత్రంతో సరిపెట్టుకోకుండా మూడేళ్లవి వరసగా చూడాలి.

వెయిట్ లిస్ట్ లెక్క సి2లో ఉంటుంది. ఎందరిని ఆ జాబితాలో పెట్టారో కాదు, చివరికి ఎందరిని లోపలికి తీసుకున్నారో చూడండి. ఒక ఏడాది పదులు, మరో ఏడాది సున్నా ఉండటం మామూలే.

ఇదంతా ఒక తెల్లకాగితం మీద కాలేజీకి ఒక వరస చొప్పున రాసుకుంటే, కొన్ని గడులు ఖాళీగా మిగులుతాయి. వాటి కోసం ప్రవేశాల కార్యాలయానికి అమ్మాయి చేతనే, తన పేరు మీద, మర్యాదగా ఒక మెయిలు రాయించండి. మీ అవకాశాలు బాగుంటాయా అని అడిగితే బ్రోచర్‌లోని వాక్యాలే తిరిగి వస్తాయి. “2024లో చేరిన మొదటి సంవత్సరం విద్యార్థుల్లో నాన్ రెసిడెంట్లు ఎందరు, వారిలో కాలేజీ సొంత నిధుల నుంచి సహాయం అందుకున్నవారు ఎందరు” అని అడిగితే అంకెలతో జవాబు వచ్చే వీలుంది.