పాత యాక్సెస్ ఫైళ్లు కొత్త సిస్టమ్‌లోకి మార్చే ముందు

ఏప్రిల్ వచ్చిందంటే చాలా చోట్ల కొత్త కంప్యూటర్లు దిగుతాయి. పాతదాంట్లో ఏళ్ల తరబడి నడిచిన మెంబర్ల లిస్టో, స్టాకు రిజిస్టరో ఉన్న ఎండీబీ ఫైల్‌ని (మైక్రోసాఫ్ట్ వాళ్ల డేటాబేస్ ప్రోగ్రామ్ యాక్సెస్‌లో పాత రకం ఫైల్) పెన్‌డ్రైవ్‌లో వేసుకొచ్చి డబుల్ క్లిక్ చేస్తే తెరుచుకోదు, ఇక టెన్షన్ మొదలు. యాక్సెస్ 97లో చేసిన ఫైల్ అయితే యాక్సెస్ 2013 గానీ, ఆ తర్వాతవి గానీ దాన్ని తెరవవు. కాబట్టి పని పూర్తయ్యేదాకా పాత కంప్యూటర్‌ని స్క్రాప్‌కి ఇవ్వొద్దు.

యాక్సెస్ 2003, 2007, 2010లలో ఏదో ఒకటి ఉన్న సిస్టమ్ వెతికి పట్టుకోండి. అందులో 97 ఫైల్ తెరిచి 2002-2003 ఫార్మాట్‌లోకి మారిస్తే, అక్కడి నుంచి కొత్త యాక్సెస్ దాన్ని తన ఏసీసీడీబీ ఫార్మాట్‌లోకి మార్చుకుంటుంది. ఇదంతా కాపీ మీదే చేయాలి, అసలు ఫైల్ జోలికి వెళ్లకూడదు. ఆ కాపీ కూడా అందరూ ఫైల్ మూసేశాకే తీయండి. పక్కన ఎల్‌డీబీ అని చిన్న ఫైల్ కనిపిస్తుంటే సాధారణంగా ఎవరో ఇంకా తెరిచే ఉంచారని అర్థం.

ఇంకో తిరకాసు ఉంది. మీరు తెచ్చుకున్న ఫైల్‌లో ఫారాలు మాత్రమే ఉండి, అసలు డేటా వేరే మెషీన్‌లో ఉండొచ్చు. టేబుల్ పేరు పక్కన బాణం గుర్తుంటే అది లింకు, ఆ రెండో ఫైల్ కూడా తెచ్చుకోవాలి. ఎండీఈ (డిజైన్, కోడ్ మార్చడానికి వీల్లేకుండా చేసిన ఫైల్) అయితే కన్వర్ట్ అవ్వదు, దాన్ని తయారుచేసిన ఎండీబీ కావాల్సిందే. యూజర్ల వారీగా పాస్‌వర్డులు పెట్టుకున్నవాళ్లు కూడా చూసుకోండి, ఏసీసీడీబీలో ఆ పద్ధతి లేదు, జీతాల టేబుల్ అందరికీ కనబడిపోతుంది.

ఫైల్ తెరుచుకోగానే "అయిపోయింది" అనేవాళ్లంటేనే నాకు భయం. మార్చకముందే ఒక్కో టేబుల్‌లో ఎన్ని రికార్డులున్నాయో, డబ్బుల కాలమ్ మొత్తం ఎంతో కాగితం మీద రాసుకుని, మార్చాక మళ్లీ పోల్చండి. మధ్యలో సీఎస్‌వీ (కామాలతో వేరుచేసిన మామూలు టెక్స్ట్ ఫైల్) చేసి ఎక్సెల్‌లో తెరిస్తే మరీ జాగ్రత్త: 00457 అనే మెంబర్ నంబరు 457 అయిపోతుంది, కంప్యూటర్‌లో తేదీలు అమెరికా పద్ధతిలో ఉంటే 03/04/2009 ఏప్రిల్ 3 కాస్తా మార్చి 4 అయి కూర్చుంటుంది, ఎర్రర్ మాత్రం ఒక్కటీ రాదు.

తెలుగు పేర్లు అను ఫాంట్లలో (యూనికోడ్ కాని పాత తెలుగు ఫాంట్లు) కొట్టి ఉంటే కొత్త సిస్టమ్‌లో పిచ్చి గీతల్లా కనిపిస్తాయి. డేటా పాడైందని కంగారుపడి డిలీట్ చేయకండి, ఆ ఫాంట్ వేస్తే మళ్లీ తెలుగే. యూనికోడ్‌లోకి (ఏ సిస్టమ్‌లోనైనా తెలుగుగానే కనిపించే పద్ధతి) మార్చడం వేరే పని, ఈ పని అయ్యాకే పెట్టుకోండి, అదీ పక్కన కొత్త కాలమ్‌లో. ఒత్తులున్న పేర్లు కళ్లతో చూసి సరిచేయాల్సిందే. సగం అను, సగం యూనికోడ్ ఉంటే వెతికిన పేరు దొరకదు.

ప్రోగ్రామ్ కోడ్ ఉంటే ఆల్ట్, ఎఫ్11 నొక్కి రిఫరెన్సుల్లో "మిస్సింగ్" అని ఏముందో చూడండి, పాత డీఏఓ 3.5 (డేటాను అందుకోవడానికి కోడ్ వాడే లైబ్రరీ) అక్కడే దొరుకుతుంది. 64 బిట్ ఆఫీస్ అయితే విండోస్ ఫంక్షన్లను పిలిచే డిక్లేర్ లైన్లకు పీటీఆర్‌సేఫ్ అనే మాట చేర్చాలి.

అన్నీ సరిపోయాక పాత ఫైల్‌ని రీడ్-ఓన్లీ చేసి పక్కన పెట్టండి, లేకపోతే అలవాటుకొద్దీ ఎవరో ఒకరు కొత్త రసీదులు అందులోనే ఎక్కిస్తారు.