ఎలక్ట్రానిక్ డ్రమ్ కిట్‌కి యాంప్ ఏది తీసుకోవాలి?

కిట్ కొనేటప్పుడు అందరం ప్యాడ్లే చూస్తాం, మెష్షా రబ్బరా అని, మాడ్యూల్‌లో (దెబ్బని సౌండ్‌గా మార్చే డబ్బా) ఎన్ని సౌండ్లున్నాయి అని, తీరా బిగించి కూర్చున్నాక గానీ గుర్తురాదు దీనికి సొంత గొంతు లేదని. నేనైతే మూలన పడున్న గిటార్ యాంప్‌కి కలిపేశా. కిక్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్) కొడితే అట్టపెట్టె మీద గుద్దినట్టుంది, క్రాష్ సింబల్ కొడితే దాని మీద దుప్పటి కప్పినట్టుంది. కిట్టే బాలేదేమో అనుకుని రెండు వారాలు సెట్టింగ్స్ తిప్పుతూ కూర్చున్నా, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వింటే అదే కిట్టు బ్రహ్మాండంగా ఉంది!

విషయం ఏంటంటే గిటార్ స్పీకర్ సుమారు 80 హెర్ట్జ్ నుంచి 5 కిలోహెర్ట్జ్ దాకే బాగా పలుకుతుంది, గిటార్‌కి అది చాలు. మనకేమో కిక్ బలమంతా 50-60 హెర్ట్జ్ దగ్గరుంటుంది, సింబల్ మెరుపు 10 కిలోహెర్ట్జ్ కూడా దాటిపోతుంది. బేస్ యాంప్‌లో కిక్ పర్లేదు కానీ ట్వీటర్ (సన్నటి సౌండ్లు పలికే చిన్న స్పీకర్) లేనిదైతే సింబల్స్ చచ్చిపోతాయి. కాబట్టి కావాల్సింది బేస్ నుంచి సింబల్స్ దాకా అన్నీ పలికే ఫుల్ రేంజ్ స్పీకర్, అంటే డ్రమ్ మానిటర్, కీబోర్డ్ యాంప్, లేదా పవర్డ్ పీఏ స్పీకర్ (లోపలే యాంప్ ఉన్న స్టేజ్ స్పీకర్). పాటలు వినే హోమ్ స్టీరియో కూడా ఫుల్ రేంజే కదా అంటారేమో, రికార్డ్ చేసిన పాటలో దెబ్బల్ని ముందే అణిచేసి ఉంచుతారు, ప్యాడ్ మీద కొట్టిన దెబ్బ అలా కాదు, ఒక్కసారిగా ఎగిసి పడుతుంది, వాల్యూమ్ పెంచి వాయిస్తే ట్వీటర్ పోయే ప్రమాదం ఉంది.

ఇక వాట్స్. డబ్బా మీద పెద్ద అంకె చూసి మోసపోవద్దు, అది చాలాసార్లు పీక్ పవర్, అంటే క్షణకాలం మాత్రమే ఇచ్చేది, ఆగకుండా ఇచ్చే కంటిన్యువస్ పవర్ ఎంతో వెతికి చూడండి. పైగా వాట్స్ రెండింతలైతే పెరిగేది 3 డెసిబెల్సే, చెవికి రెట్టింపు అనిపించాలంటే దాదాపు పదింతలు కావాలి. అందుకే నేను వాట్స్ కంటే మాక్సిమమ్ ఎస్‌పీఎల్ (స్పీకర్ ఎంత గట్టిగా మోగగలదో డెసిబెల్స్‌లో చెప్పే అంకె) చూస్తా. ఒక్కరే గదిలో ప్రాక్టీస్ అయితే రోలాండ్ పీఎమ్-100 లాంటి 80 వాట్ల, 10 అంగుళాల మానిటర్ హాయిగా సరిపోతుంది. బ్యాండ్‌తో, పక్కన గిటార్ వాళ్లు గట్టిగా వాయిస్తుంటే మాత్రం 12 అంగుళాల పవర్డ్ పీఏ స్పీకర్ కన్నా తక్కువకి వెళ్లొద్దు, కిక్ కడుపులో తగలాలంటే సబ్ (లోతైన బేస్ కోసమే ఉండే వేరే స్పీకర్) కూడా కావాలి. అపార్ట్‌మెంట్‌లో ఉంటే నిజం చెప్తున్నా, ముందు మంచి క్లోజ్డ్ బ్యాక్ (వెనక మూసి ఉండే) హెడ్‌ఫోన్స్ కొనుక్కోండి. కింద ఇంటివాళ్లకి పెడల్ తొక్కుడు ఎలాగూ వినిపిస్తుంది అనుకోండి, అది వేరే తలనొప్పి.

బ్లూటూత్ స్పీకర్ ఊసే ఎత్తొద్దు. మామూలు బ్లూటూత్‌లో సౌండ్ 100-200 మిల్లీసెకన్లు ఆలస్యంగా వస్తుంది, మీరు కొట్టేది ఒకటి వినేది ఒకటి, రెండు నిమిషాల్లో పిచ్చెక్కుతుంది. ఫోన్ నుంచి పాట మాడ్యూల్‌కి బ్లూటూత్‌లో పంపి దానికి వాయించడం వేరు, అది పర్లేదు.

కలిపేటప్పుడు స్పీకర్ ఒక్కటే ఉంటే ఎల్/మోనో అని ఉన్న జాక్‌లోనే పెట్టండి, ఆర్‌లో పెడితే ఎడమ పక్కకి పాన్ చేసిన (జరిపిన) సౌండ్లు సరిగ్గా వినపడవు. స్పీకర్ వెనక మైక్/లైన్ స్విచ్ ఉంటే లైన్‌లో ఉంచాలి, లేకపోతే చిన్న దెబ్బకే పగిలిన సౌండ్ వస్తుంది. మాడ్యూల్ వాల్యూమ్ ముప్పావు దాకా తిప్పి, స్పీకర్‌ది సున్నా నుంచి మెల్లగా పెంచుకుంటూ రండి. స్టేజ్ మీద కేబుల్ దూరం పోవాలంటే మధ్యలో డీఐ బాక్స్ (సిగ్నల్‌ని పొడవాటి కేబుల్‌కి తగ్గట్టు మార్చే చిన్న డబ్బా) పెట్టండి, గుంయ్‌మని హమ్ వస్తే దాని మీద గ్రౌండ్ లిఫ్ట్ అనే స్విచ్ నొక్కి చూడండి.

కొనే ముందు ఎలాగోలా మీ మాడ్యూల్ పట్టుకెళ్లండి, షాపులో వాళ్లు పెట్టే పాట విని తేల్చుకోవద్దు. రైడ్ సింబల్ మెల్లగా వాయించి కర్ర తగిలిన టిక్ విడిగా వినిపిస్తుందా చూడండి, తర్వాత మీరు మామూలుగా వాయించే వాల్యూమ్‌లో కిక్కూ క్రాషూ కలిపి గట్టిగా కొట్టండి, స్పీకర్ మీద లిమిట్ లైట్ (శక్తికి మించుతోందని చెప్పే లైట్) ప్రతి దెబ్బకీ వెలుగుతుంటే దాని పైసైజు అడగండి.