మెడ అరుగుదలకు ఇంట్లో వ్యాయామం ఎలా చేయాలి? ముందు చేతులూ కాళ్లూ చూసుకోండి

ఎక్స్‌రే కవరు చంకలో పెట్టుకుని వచ్చినవాళ్లు కూర్చోకముందే అడిగేది ఒకటే: "ఏ ఎక్సర్‌సైజ్ చెయ్యాలండీ?" పర్లాకిమిడిలో కొమ్ముబొమ్మలు చెక్కేవాళ్లు, బరంపురంలో పట్టుమగ్గం మీద వంగి నేసేవాళ్లు, గుణుపురం వైపు నెత్తిన మోపులు మోసేవాళ్లు, ఫోన్లో తలదూర్చిన కాలేజీ పిల్లలు, అందరూ ఇదే అడుగుతారు. అప్పటికే చాలామంది వీడియో చూసి మెడను గిరగిరా తిప్పేసి ఉంటారు. కింద చెప్పిన వరుస తప్పకుండా చేయండి. వరుస మార్చేటట్టయితే అసలు మొదలుపెట్టకండి.

కావలసినవి: ఖాళీ గోడ, వీపు ఆనే కుర్చీ, తువ్వాలు, వేడినీళ్ల సంచి, సెకన్ల ముల్లున్న గడియారం, పక్కన ఒక మనిషి. మసాజ్ మెషిన్లూ రబ్బరు బ్యాండ్లూ డబ్బు దండగ.

రిపోర్టులో "స్పాండిలోసిస్" (అంటే ఈ అరుగుదలే) అని చూసి మంచం పట్టక్కర్లేదు. మెడలో ఉన్నవి 7 పూసలు. మధ్యలోని డిస్కుల్లో వయసుతోపాటు నీరు తగ్గి అవి పలచబడతాయి, పూసల అంచుల్లో ఎముక పెరుగుతుంది. 5, 6, 7 పూసల దగ్గర ఇది ఎక్కువ. 60 దాటినవాళ్లలో చాలామందికి ఎక్స్‌రే తీస్తే అరుగుదల కనిపిస్తుంది, వాళ్లలో ఎందరికో నొప్పే ఉండదు.

మొదటి పని: చేతులూ కాళ్లూ పరీక్ష

అందరూ వదిలేసేది ఇదే.

అరుగుదల వల్ల నొక్కుకునేవి రెండు. ఒకటి చేతిలోకి దిగే నరం. అది నొక్కుకుంటే సాధారణంగా ఒక పక్కే, మెడ నుంచి భుజం మీదుగా చేతిలోకి గుంజుతుంది. మెడలోంచి వచ్చేవాటిలో ఆరో నరమైతే బొటనవేలు, చూపుడువేలు తిమ్మిరెక్కుతాయి. ఏడోదైతే నడిమివేలు. రాత్రి నిద్ర పట్టనివ్వదు గానీ, ఎక్కువమందికి కొన్ని వారాల్లో, నెలల్లో ఆపరేషన్ లేకుండానే సర్దుకుంటుంది.

రెండోది వెన్నుపాము. అది నొక్కుకుంటే చాలాసార్లు నొప్పే ఉండదు. నొప్పి లేదు కదా అని జనం ధీమాగా ఉంటారు. ఈలోగా చొక్కా గుండీలు పట్టవు, అన్నం ముద్ద వేళ్లలోంచి జారుతుంది, కాలి చెప్పు ఊడిపోయినా తెలియదు, చీకట్లో తూలుతారు, మూత్రం ఆపుకోలేరు. ఒకావిడ "సుగర్ తిమ్మిరి బాబూ, మాత్రలు వాడతన్నాను" అంటూనే చీరకొంగు ముడిలోని డబ్బులు తీయడానికి ముడిని పళ్లతో లాగుతున్నారు. సుగర్ తిమ్మిరి మామూలుగా పాదాల్లో మొదలవుతుంది. ఆవిడకు ముందు మొద్దుబారినవి చేతులు.

పరీక్ష ఇలా. చెయ్యి ముందుకు చాచి, అరచెయ్యి నేలవైపు ఉంచి, పిడికిలి గట్టిగా బిగించి వేళ్లు పూర్తిగా విప్పాలి. ఎంత వేగంగా చేయగలిగితే అంత వేగంగా. 10 సెకన్లలో కనీసం 20 సార్లు రావాలి. ఒక చెయ్యి అయ్యాక రెండోది. లెక్క పక్కవాళ్లు పెట్టాలి. తనే లెక్కపెట్టుకుంటే వేగం తగ్గుతుంది. సగం విప్పి సగం ముడిచినవి లెక్కలోకి రావు. "మా నాన్నకి పాతిక వచ్చాయండీ" అని ఫోన్ చేస్తారు, చూస్తే వేళ్లు తెరుచుకోనే లేదు! వేళ్లు విప్పడానికి మణికట్టు కిందికి వంచేస్తున్నారా అన్నదీ గమనించండి. కీళ్లవాతంతో వేళ్లు బిగిసినవాళ్లకు లెక్క ఎలాగూ తగ్గుతుంది, వాళ్లు డాక్టరుకు ఆ సంగతి కూడా చెప్పాలి.

తర్వాత వేళ్లన్నీ దగ్గరగా చేర్చి అర నిమిషం చాచి ఉంచమనండి. చిటికెనవేలు తనంతట తనే పక్కకు జారిపోతే మంచిది కాదు. ఆపైన గచ్చు మీద టైల్సు గీత వెంట, మడమకు బొటనవేలు తాకిస్తూ పది అడుగులు నడిపించండి. మీరు చెయ్యి అందేంత దూరంలోనే ఉండాలి. ఆఖరిది అడిగి తెలుసుకునేదే, చేయించి చూసేది కాదు: తల వంచినప్పుడు వీపులోకి కరెంటు కొట్టినట్టు అవుతోందా?

వీటిలో ఏ ఒక్కటి తేడాగా ఉన్నా ఇక్కడితో ఆగండి. వ్యాయామం, మాలీషు, తలకు బరువు కట్టి లాగించడం ఏదీ వద్దు. బరంపురం ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఆసుపత్రికి వెళ్లినా (ఆ పేరు పర్లాకిమిడి మహారాజుదే), విశాఖ పెద్దాసుపత్రి కేజీహెచ్‌కు వెళ్లినా ఎమ్మారై సంగతి గట్టిగా అడగండి. ఎక్స్‌రేలో వెన్నుపాము కనపడదు. ఆపరేషన్ ముఖ్యంగా జబ్బు ముదరకుండా ఆపడానికి. పోయిన పట్టు మొత్తం తిరిగి వస్తుందని ఎవరూ మాటివ్వలేరు. అందుకే రోజులు లెక్కలోకి వస్తాయి.

సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, రాత్రి నొప్పి కలిసి ఉంటే వెన్నెముక క్షయ అనుమానించాలి. పడిపోయాక వచ్చిన నొప్పికీ ఇంటి వైద్యం కుదరదు. ఎడమ చెయ్యి లాగుతూ చెమటలు పడితే మెడ సంగతి మరిచిపోయి గుండె చూపించుకోండి.

రెండో పని: కాపడం

తువ్వాలు మీదుగా 15 నిమిషాలు. బామ్ రాసి దానిమీద కాపడం పెడితే చర్మం కాలుతుంది.

మూడో పని: గడ్డం వెనక్కి

గోడకు వీపు ఆనించి నిలబడండి. చూపు ఎదురుగా. గడ్డాన్ని కిందికి వంచకుండా, పైకెత్తకుండా, బల్ల సొరుగు లోపలికి నెట్టినట్టు నేరుగా వెనక్కి జరపాలి. 5 సెకన్లు ఉంచి వదలండి. పదిసార్లు. గడ్డం ఛాతీకి తగిలించేవాళ్లు వ్యాయామం చేయడం లేదు, తల వంచుతున్నారు, అంతే. చేతిలోకి గుంజుడు పెరిగితే ఆపండి. మంచం మీద పడుకుని చేయమనేవాళ్లున్నారు. నా దగ్గర కుదరదు. గోడ దగ్గరే, పొద్దున టీ తాగకముందే.

నాలుగో పని: తల కదపకుండా బలం

కుర్చీలో కూర్చుని అరచెయ్యి నుదుటికి పెట్టి, తలతో చేతినీ చేతితో తలనూ నెట్టాలి. తల కదలకూడదు. 5 సెకన్లు. అలాగే రెండు పక్కలా, వెనకా. ఊపిరి బిగబట్టకండి, బీపీ ఉన్నవాళ్లు మరీ ముఖ్యంగా.

సెలూన్లో గడ్డం గీయించుకున్నాక మెడ టకటకమనిపించుకునే అలవాటుంటే మానేయండి. మెడ ఎముకల గుండా మెదడుకు పోయే రక్తనాళం గోడ చిరిగితే పక్షవాతం రావచ్చు. అరుదే, కానీ ఆ టక్కుమన్న శబ్దంలో వైద్యమేమీ లేదు. మెడ పట్టీ కూడా నొప్పి ఉధృతంగా ఉన్న కొద్దిరోజులకే. నెలల తరబడి కట్టుకుని బజారుకెళ్లేవాళ్లకు మెడ కండరాలు బలహీనపడతాయి.

దిండు తీసేయమని సలహా ఇచ్చేవాళ్లు ఊరంతా ఉన్నారు. వినకండి. పక్కకు తిరిగి పడుకుంటే చెవికీ భుజానికీ మధ్య ఖాళీ నిండేంత ఎత్తు దిండు ఒకటి కావాలి. బోర్లా పడుకోవద్దు.

పిడికిలి లెక్క రెండు వారాలకోసారి మళ్లీ పెట్టి, గోడ క్యాలెండరు గడిలో ఏ చేతికి ఎన్నో రాయండి. అంకె తగ్గుతూ వస్తుంటే నొప్పి పోయినా సరే వ్యాయామం ఆపి, క్యాలెండరు తీసుకుని డాక్టరు దగ్గరకు వెళ్లండి.