తుఫాను తర్వాత జనరేటర్ వేసే ముందు

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను తాకాక విశాఖలో చాలా ఇళ్లకు రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటప్పుడు మోటారుతో నీళ్ల ట్యాంకు నింపడానికి అద్దె జనరేటర్ తెస్తే, దాన్ని స్టార్ట్ చేసే తాడు లాగే ముందు ఇవి చూసుకోండి.

- మెయిన్ ఆఫ్ చేశారా? అన్నిటికన్నా ఇదే ముఖ్యం. లేదంటే మన కరెంటు వెనక్కి వీధి తీగల్లోకి పోయి, స్తంభమెక్కిన లైన్‌మన్ ప్రాణం మీదికొస్తుంది. జనరేటర్ వైరు గోడ ప్లగ్గులో అస్సలు గుచ్చొద్దు. ఎలక్ట్రీషియన్ చేత మోటారు స్టార్టరుకే కనెక్షన్ ఇప్పించండి.
- జనరేటర్ ఆరుబయటే, కిటికీలకు దూరంగా ఉండాలి. వరండా, సెల్లారు వద్దు. పొగలోని కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకు వాసన ఉండదు. వాన పడుతుంటే ఆగండి, బిందెలతో ఇంకో పూట గడవకపోదు.
- పెట్రోలు ఇంజను చల్లారాకే పోయాలి. కొవ్వొత్తి వెలుగులో పోసే మహానుభావులూ ఉంటారు, టార్చి వాడండి.
- చేతులు, చెప్పులు పొడిగా ఉండాలి.