సంగీత విభావరిని ఎలా వినాలి? ముందు రోజు నుంచి మర్నాటి దాకా

విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం మా విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమాను, అంటే పూజారిని కూర్చోబెట్టి ఊరేగించే పొడవాటి మాను, తిరుగుతుంది. దాని ముందు రోజు తొలేళ్లు అనే వేడుక. ఆ రోజుల్లో ఊళ్లో ఎక్కడో ఒకచోట స్టేజి పడుతుంది, పాటలుంటాయి. ఇది కాక శ్రీకాకుళం దాకా ఊరూరా అమ్మవారి పండగలు, తీర్థాలు. ఫ్లెక్సీ మీద ‘మ్యూజికల్ నైట్’ అని వేసినా, బ్యానరు మీద ‘సంగీత విభావరి’ అని రాసినా, మా ఇంట్లో మాత్రం దాన్ని ఆర్కెస్ట్రా అనే అంటారు.

చాలా ఏళ్లు నేను ఆర్కెస్ట్రాకు వెళ్లి ఒకే ఒక్క సంగతి చూసేవాణ్ని: పాడేవాడు సినిమాలో గొంతును అచ్చం దింపాడా లేదా. దింపితే చప్పట్లు, లేకపోతే పెదవి విరుపు. వెనకాల ఆరేడుగురు చెమటలు కక్కుతూ వాయిస్తున్నారన్న సంగతే పట్టేది కాదు. అలా వింటే ఇంట్లో ఫోన్లో విన్నదానికీ దీనికీ తేడా ఏముంటుంది? ఉన్నదల్లా దోమలే. తర్వాత కొంచెం కొంచెంగా నేర్చుకున్న పద్ధతి ఇది.

ముందు రోజు: ఒక్క పాట, మూడుసార్లు

ఆర్కెస్ట్రాలో తప్పకుండా పాడతారని మీకు గట్టి నమ్మకం ఉన్న పాట ఒకటి ఎంచుకోండి. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని మూడుసార్లు వినండి. మొదటిసారి మామూలుగా, మాటల కోసం.

రెండోసారి గొంతును పక్కన పెట్టేయండి. మన సినిమా పాటల్లో ఎక్కువగా ఒక పల్లవి, రెండు చరణాలు ఉంటాయి. పల్లవికి ముందు కొంత వాద్యం, ప్రతి చరణానికి ముందు ఒక బిట్టు. ఆ బిట్లను ఏ వాద్యం వాయిస్తోందో మనసులో అనుకోండి: ఇక్కడ వేణువు, ఇక్కడ వయొలిన్లు, ఇదిగో వీణ వచ్చింది. పేరు తెలియకపోతే ‘ఆ గణగణమనేది’ అనుకున్నా సరిపోతుంది. రెండు బిట్లూ ఒకేలా ఉన్నాయా, వేరువేరా? పాత పాటల్లో చాలావాటికి వేరువేరుగానే ఉంటాయి. ఇన్నేళ్లుగా విన్న పాటలో రెండో బిట్టు ఒకటుందని నాకే నలభై దాటాక తెలిసింది.

మూడోసారి కింద నడిచే దరువు మాత్రమే వినండి. తబలా ఎక్కడ ఆగుతోంది, చరణంలో నడక మారుతోందా అని. ఇది మొదట్లో కష్టం. వేలితో బల్ల మీద కొట్టుకుంటూ వింటే దొరుకుతుంది.

ఇంతే తయారీ. మర్నాడు స్టేజి మీద ఆ పాట మొదలవగానే చూడండి. రికార్డింగులో అంతమంది వాయించిన వయొలిన్లను ఇక్కడ కీబోర్డు అతను ఒక్కడే ఎడమచేత్తో పట్టుకుని, కుడిచేత్తో వేణువు బిట్టు వాయిస్తుంటాడు. మధ్యలో ఖాళీ దొరికితే పేజీ తిప్పుకోవాలి కూడా.

కూర్చునే చోటు

సాధారణంగా జనం ముందు వరుసకు పరిగెత్తుతారు. ఒకసారి శ్రీకాకుళం దగ్గర ఒక తీర్థంలో నేనూ అలాగే వెళ్లి, స్టేజి పక్కన నేల మీద పెట్టిన పెద్ద బాక్సుల ముందు కూర్చున్నాను. మైక్ సెట్టు ముసలాయన వచ్చి, ‘‘ఇక్కడ కూకుంటే పాటేటి ఇనబడతాది బావూ, డొక్కలదరడమే’’ అన్నాడు. తీసుకెళ్లి తన మిక్సర్ (మైకులన్నిటి శబ్దాన్ని పెంచే, తగ్గించే పెట్టె) పక్కన కూర్చోబెట్టాడు. అప్పటి నుంచి నాకు అదే చోటు.

కారణం సులువే. మిక్సర్ దగ్గర కూర్చున్నవాడు తన చెవికి ఎలా వినిపిస్తే దాన్ని బట్టే గొంతు పెంచడం, డ్రమ్ము తగ్గించడం చేస్తాడు. కాబట్టి మొత్తం మైదానంలో పాట సరిగ్గా ఉండే చోటు అతని పక్కనే. చాలాచోట్ల అది స్టేజికి ఎదురుగా, జనం మధ్యలో ఉంటుంది. కొన్ని పల్లెల్లో స్టేజి పక్కనే పెడతారు. అప్పుడు రెండు వైపుల బాక్సులకూ సమదూరంలో, నాలుగైదు వరుసలు వెనక్కి కూర్చోండి. ఆనందగజపతి ఆడిటోరియం లాంటి హాలైనా నడిమి వరుసలే మేలు.

మరీ వెనక్కీ పోకండి. ధ్వని సెకనుకు 340 మీటర్ల చొప్పున నడుస్తుంది. స్టేజికి వంద మీటర్ల దూరంలో ఉంటే పెదవి కదిలాక సెకనులో దాదాపు మూడో వంతు ఆలస్యంగా పాట మీకు చేరుతుంది. డ్రమ్ము మీద కర్ర పడటం ముందు కనిపిస్తుంది, దెబ్బ తర్వాత వినిపిస్తుంది. తాళం పట్టుకుందామనుకునేవాళ్లకు అది నరకం.

మా ఊళ్లో ఇంకో సౌకర్యం ఉంది. 1919లో మా ఊరి రాజు విజయరామ గజపతిరాజు ఇక్కడ సంగీత కళాశాల పెట్టారు. హరికథల ఆదిభట్ల నారాయణదాసు దానికి మొదటి ప్రిన్సిపాల్, తర్వాత వయొలిన్ విద్వాంసుడు ద్వారం వెంకటస్వామి నాయుడు. ఘంటసాల ఎక్కడి గుడివాడ వైపు నుంచో వచ్చి, మధుకరం (ఇంటింటా అడిగిన అన్నం) ఎత్తుకుని తింటూ చదువుకున్నది ఇక్కడే. సుశీల ఈ ఊళ్లోనే 1935లో పుట్టారు. అందుచేత ఎంత చిన్న ఆర్కెస్ట్రాకైనా, సంగీతం నేర్చుకున్న పెద్దాయన ఒకరైనా తొడ మీద తాళం వేస్తూ కనిపిస్తారు. ఖాళీ ఉంటే ఆయన పక్కన కూర్చోండి. ఆయన చెయ్యి ఆగితే పాటలో ఏదో తప్పిందని అర్థం. పైసా ఖర్చు లేని పాఠం.

చెవుల జాగ్రత్త

దీన్ని చాలామంది నవ్వి వదిలేస్తారు. 85 డెసిబెల్స్ శబ్దాన్ని రోజుకు 8 గంటల దాకా భరించవచ్చని లెక్క. ప్రతి 3 డెసిబెల్స్ పెరిగినప్పుడల్లా ఆ సమయం సగానికి తగ్గుతుంది. అలా 100కు చేరేసరికి మిగిలేది 15 నిమిషాలు. బాక్సుల దగ్గర 100 దాటడం పెద్ద విషయమేం కాదు. దూది ఉండలు పెద్దగా ఆపవు. మెడికల్ షాపులో మెత్తటి స్పాంజి ప్లగ్గులు దొరుకుతాయి. వాటిని వేళ్లతో సన్నగా నలిపి, రెండో చేత్తో చెవిని పైకి లాగి లోపల పెట్టి, ఉబ్బేదాకా పట్టుకోవాలి. పాట కొంచెం మందంగా వినిపిస్తుంది కానీ పోదు. పిల్లల్ని తీసుకెళ్తే వాళ్లకు ముందు పెట్టండి. రాత్రి ఇంటికొచ్చాక చెవిలో గుయ్‌మని మోగుతుంటే, మీరు కూర్చున్న చోటు తప్పు.

లైవా, ట్రాకా?

ఇప్పుడు కొన్ని స్టేజీల మీద వాద్యాలు అలంకారానికే ఉంటాయి. పెన్‌డ్రైవ్‌లో ముందే రికార్డు చేసిన వాద్యాల ట్రాక్ నడుస్తుంటే పైన పాడతారు. తెలుసుకోవడం ఎలా? గాయని చరణం ఎత్తుకోవడం ఆలస్యం చేసినప్పుడు చూడండి. లైవైతే తబలా అతను ఇంకో ఆవర్తం (తాళంలో ఒక చుట్టు) తిప్పి ఆమె కోసం ఆగుతాడు, కీబోర్డు అతను తలెత్తి చూస్తాడు. ట్రాకైతే దాని దారిన అది వెళ్లిపోతుంది, ఆమె వెంటపడి పట్టుకోవాలి. నాకైతే తప్పులున్నా లైవే ఇష్టం. ఒకరి తప్పును ఇంకొకరు ఎలా కప్పేస్తారో చూడటంలో ఉన్న మజా ట్రాకులో రాదు.

తెలిసిన పాట ఎందుకో నీరసంగా ఉందనిపిస్తే శ్రుతి దించి ఉంటారు. కీబోర్డులో ఒక్క బటన్ నొక్కితే పాట మొత్తం కిందికి దిగుతుంది. సుశీల పాటల్లో పై స్థాయి అందరికీ అందదు. అది తప్పు కాదు, పైకి పోయి గొంతు చీలడం కంటే నయం.

జానపదాలు మొదలైతే మాత్రం కుర్చీ వదిలేయండి. పార్వతీపురం దగ్గర పెదబొండపల్లిలో పుట్టిన వంగపండు ప్రసాదరావు పాట లేకుండా మా వైపు స్టేజి ముగియడం అరుదు. అవి కూర్చుని వినే పాటలు కావు. ప్యాడ్ల బదులు నిజం డప్పు ఉంటే ఇంకా మంచిది.

చీటీ రాసేటప్పుడు

కావలసిన పాట అడుగుతూ స్టేజి మీదికి పంపే చీటీలో పాట పేరు, సినిమా పేరు, పాడినవాళ్ల పేరు పెద్ద అక్షరాలతో రాయండి. మీ పేరు, వీధి, మీ బావమరిది పుట్టినరోజు అక్కర్లేదు. యాంకరు అవి చదివేలోగా ఒక చరణం అయిపోతుంది. యుగళగీతం అడిగేముందు గాయని స్టేజి మీద ఉందో లేదో చూసుకోండి. వాళ్ల దగ్గర సాధన చేసిన లిస్టు ఉంటుంది. నిన్న విడుదలైన పాట అడిగితే ట్రాకే వేస్తారు. సన్మానాల సమయంలో ఇస్తే చీటీ నిదానంగా చదువుతారు. ఆ సమయం ఎప్పుడూ కావలసినంత ఉంటుంది.

ఫోన్లో తీసుకుంటే ఒక్క పాట తీసుకోండి, ఆ తర్వాత జేబులో పెట్టేయండి.

తిరిగి రావడం

మామూలు రోజుల్లో రాత్రి 10 దాటాక ఆరుబయట మైకు పెట్టకూడదు. పండగలకు ప్రభుత్వం ఏడాదికి 15 రోజులకు మించకుండా 12 గంటల దాకా వెసులుబాటు ఇవ్వవచ్చు. ఉపన్యాసాల వల్ల ఎనిమిదికి మొదలవ్వాల్సింది తొమ్మిదికి మొదలవుతుంది, అసలు మంచి పాటలన్నీ ఆఖర్న పడతాయి. కాబట్టి వెళ్లేటప్పుడే ఆఖరి బస్సు ఎప్పుడో ఆర్టీసీ కాంప్లెక్సులో (బస్టాండులో) అడిగి వెళ్లండి. శ్రీకాకుళం నుంచి రైల్లో వద్దామనుకునేవాళ్లు గుర్తుంచుకోవాలి: శ్రీకాకుళం రోడ్ స్టేషన్ ఉన్నది ఆమదాలవలసలో, ఊరికి పది కిలోమీటర్ల పైనే. ఈ సంగతి మర్చిపోయి నేనొక రాత్రి టీ బండి బల్ల మీద తెల్లవార్చాను.

మర్నాడు కాఫీ తాగుతూ, ముందు రోజు మూడుసార్లు విన్న ఆ పాటే ఇంకోసారి పెట్టండి. రాత్రి కీబోర్డు అతను వదిలేసిన బిట్టు ఏదో ఇప్పుడు దొరుకుతుంది. నాకు మొన్న దొరికింది రెండో చరణం చివర్లో గజ్జెల చప్పుడు, నాలుగంటే నాలుగే దెబ్బలు.