పిల్ల చెయ్యెత్తితే ముందు ఏం చెయ్యాలి

అంగన్‌వాడీలో 19 ఏళ్లుగా పనిచేస్తున్నాను. "మావాడు కొడుతున్నాడు టీచరమ్మా, ఎక్కడ నేర్చాడో" అని వచ్చే తల్లులకు చెప్పేదే ఇక్కడ రాస్తున్నా.

ముందు తిట్టకండి. ఆడుకోనిచ్చి, పక్కన కూరగాయలు తరుక్కుంటూ చూడండి. మా కేంద్రంలో నాలుగేళ్ల పాప ఒకతి బొమ్మకు అన్నం తినిపిస్తూ ఉన్నట్టుండి గిన్నె విసిరేసింది. బొమ్మ జుట్టు పట్టుకుని, గొంతు బొంగురు చేసి, "ఉప్పేదే?" అంది. మరుక్షణం బొమ్మను గోడవైపు తిప్పి కూర్చోబెట్టి, తనే కొంగు నోట్లో కుక్కుకున్నట్టు వెక్కింది. కొట్టేవాడూ, దెబ్బలు తినే మనిషీ ఇద్దరూ వచ్చేశారు ఆ పిల్లకి. దాని ఒంటిమీద ఒక్క దెబ్బ పడలేదు. చూసింది, అంతే.

1961లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఆల్బర్ట్ బండూరా అనే మనస్తత్వ శాస్త్రవేత్త 72 మంది చిన్నపిల్లలతో ఒక ప్రయోగం చేశాడు. పడదోస్తే మళ్లీ లేచే గాలిబొమ్మను పెద్దవాళ్లు సుత్తితో బాదుతుంటే చూసిన పిల్లల్లో చాలామంది అవే దెబ్బలు, అవే మాటలు దించేశారు. 1965లో ఇంకోటి చేశాడు. కొట్టిన మనిషికి శిక్ష పడటం చూసిన పిల్లలు తక్కువ కొట్టారు. కానీ "చూసింది చేసి చూపిస్తే బహుమతి" అనగానే వాళ్లూ మిగతావాళ్లలాగే చేసి చూపించారు. నేర్చుకోవడం ఎప్పుడో అయిపోయింది! అందుకే నెమ్మదిగా ఉన్న పిల్లాణ్ణి చూసి "వీడికేం తెలీదులే" అనుకోవద్దు.

పిల్లాడు కొట్టబోతే మణికట్టు మెత్తగా పట్టుకుని "కొట్టనివ్వను" అనండి. ముందు దెబ్బ తిన్న పిల్ల దగ్గర కూర్చోండి, ఆ తర్వాతే వీడి సంగతి. మీరూ ఒకటి అంటించారా, పాఠం మళ్లీ మొదటికొస్తుంది. ఇంట్లో మామయ్యలు "మా హీరో" అని నవ్వుతారు చూడండి, దాన్ని గట్టిగా ఆపించండి. నా లెక్కలో టీవీ కన్నా ఆ నవ్వే ఎక్కువ చెరుపు.

పిల్లల ముందు గొడవపడితే, "తప్పు నాదే" అనడం కూడా వాళ్ల ముందే జరగాలి. చాటుగా రాజీపడితే వాళ్లకు సగమే తెలుస్తుంది.

ఆ పాపతో నేనూ ఇంకో బొమ్మ పట్టుకుని కూర్చున్నాను. "ఉప్పు తక్కువైందా, వేసుకుందాం" అనేది నా బొమ్మ. మూడు వారాలకు ఆ మాట దాని నోట వచ్చింది.

వాళ్ల నాన్నతో మాత్రం నేను మాట్లాడలేదు. మాట్లాడితే ఆ కోపం ఇంటికెళ్లి పాప తల్లి మీదే పడుతుంది. దెబ్బలు తినే తల్లిని "నువ్వే పిల్లకు మంచి నేర్పు" అనడం అన్యాయం. ఆమెకు సాయం కావాలంటే మహిళల హెల్ప్‌లైన్ 181, పిల్లల మీద చెయ్యి పడితే పిల్లల హెల్ప్‌లైన్ 1098. ఫోను అతను చూస్తాడని, ఆవిడ ఆ రెండు నంబర్లూ చీటీ మీద రాయించుకుని బియ్యం డబ్బాలో దాచుకుంది.