ప్రింట్‌లో బొమ్మ మసకబారిందా, మారిపోయిందా? ముందు లింక్స్ చూడండి

ఫొటో పాడైందని ఫోన్ చేసే ఆపరేటర్లను నేను మొదట అడిగేది ఒకటే: లింక్స్ విండో తెరిచావా తమ్ముడూ? తెరవరు. ప్లేట్ మళ్లీ కొట్టించి ఉంటారు, ప్రింటర్ డ్రైవర్ మళ్లీ ఎక్కించి ఉంటారు, ఆ ఒక్క విండో మాత్రం తెరవరు. పేజీలో పెట్టిన ప్రతి బొమ్మ అసలు ఫైల్ ఎక్కడుందో చూపించేది అదే. పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్ 7.0 అయినా ఇన్‌డిజైన్ అయినా కంట్రోల్, షిఫ్ట్, డి నొక్కితే చాలు, అది వచ్చేస్తుంది.

స్క్రీన్ మీద బాగుంది, ప్రింట్‌లో గళ్లుగళ్లుగా వచ్చింది

లింక్స్‌లో ఆ బొమ్మ పక్కన ప్రశ్నార్థకం గుర్తు ఉందేమో చూడండి. ఉంటే అసలు ఫైల్ దొరకడం లేదని అర్థం. పేజీలో కనిపించేది ప్రివ్యూ మాత్రమే, ప్రింట్‌కి వెళ్లేదీ అదే. లగ్గం పత్రిక ఫొటోలు కస్టమర్ పెన్‌డ్రైవ్ నుంచే నేరుగా పేజీలోకి తెచ్చి (ప్లేస్ చేసి), పని అయ్యాక పెన్‌డ్రైవ్ ఇచ్చి పంపేస్తే జరిగేది ఇదే. పెద్ద బొమ్మ ప్లేస్ చేసేటప్పుడు కాపీని ఫైల్లోనే ఉంచాలా అని పేజ్‌మేకర్ అడుగుతుంది. మామూలుగా 256 కేబీ దాటితే అడుగుతుంది. చదవకుండా 'నో' కొడితే ఫైల్లో ఉండేది ప్రివ్యూ, బొమ్మ ఎక్కడుందో చెప్పే దారి మాత్రమే. ఫొటోను హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేసి రీలింక్ చేయండి, అంటే కొత్త చోటు చూపించండి.

లింక్ సరిగ్గానే ఉన్నా మసకగా ఉంటే ఇన్‌డిజైన్‌లో 'ఎఫెక్టివ్ పీపీఐ' చూడండి, అంటే పేజీలో ఉన్న సైజులో అంగుళానికి ఎన్ని పిక్సెళ్లు పడుతున్నాయో. 800 పిక్సెళ్ల వాట్సాప్ ఫొటోను 8 అంగుళాలకు లాగితే అంగుళానికి మిగిలేది 100. ఆఫ్‌సెట్‌కి 300 కావాలి. ఫొటోషాప్‌లో రిజల్యూషన్ అంకె 72ను 300 చేసినంత మాత్రాన లేని వివరం రాదు. ఫొటోగా పంపితే వాట్సాప్ కుదించేస్తుంది, డాక్యుమెంట్‌గా పంపమనండి, అంతే.

లింకులన్నీ బాగున్నాయి, బొమ్మే వేరేవాళ్లది

అసలు తలనొప్పి ఇది. ప్రశ్నార్థకం ఉండదు, హెచ్చరిక ఉండదు, బొమ్మ కూడా స్పష్టంగా వస్తుంది.

పంచాయతీ ఎన్నికల్లో నామినేషన్ల ఉపసంహరణ గడువు అయ్యాకే గుర్తులు కేటాయిస్తారు. ఆ సాయంత్రమే అభ్యర్థులందరూ ప్రెస్‌ల మీద పడతారు. 2019 జనవరిలో నల్లగొండలో చూసిందీ అదే. ఒక కరపత్రం రెండో విడత కాపీల కోసం మా దగ్గరికి వచ్చింది. మొదటి కాపీలు వేరే చోట వేయించారు, ఫోల్డర్‌తో సహా ఫైల్ పట్టుకొచ్చారు. ప్రూఫ్ తీసి ఇవ్వగానే అభ్యర్థి తమ్ముడు కాగితం నా ముందు పెట్టాడు: "అన్నా, మనది కత్తెర గదా, ఉంగరం ఎట్ల వచ్చింది?"

ఫోల్డర్ తెరిస్తే విషయం తెలిసింది. బొమ్మ పేరు 'గుర్తు.జేపీజీ'. ఆ తర్వాత వచ్చిన ఇంకో ఊరి అభ్యర్థి ఉంగరం కూడా అదే పేరుతో, అదే ఫోల్డర్లోకి దించారు. విండోస్ 'రీప్లేస్ చేయాలా' అని అడిగింది, సరే అన్నారు. కత్తెర పోయింది. ఇలా పోయిన ఫైల్ రీసైకిల్ బిన్‌లో కూడా దొరకదు. పేజీ మాత్రం పాత దారిలోనే వెళ్లి, అదే పేరున్న ఉంగరాన్ని తెచ్చుకుంది.

ఇన్‌డిజైన్ అయితే తెరవగానే లింకులు మారాయని చెబుతుంది. తొందరలో 'అప్‌డేట్' కొట్టేస్తాం. ఒకసారి కొట్టాక లింక్స్‌లో 'మారింది' అని హెచ్చరించే పసుపు త్రికోణం పోతుంది, ఇక అంతా సవ్యంగా ఉన్నట్టే కనిపిస్తుంది. పేజ్‌మేకర్ లింక్ ఆప్షన్స్‌లో 'అప్‌డేట్ ఆటోమేటికల్లీ' టిక్ ఉండి, దాని కింద 'అలర్ట్' టిక్ లేకపోతే అడగను కూడా అడగదు.

కాబట్టి ప్రశ్నార్థకం లేదని లింక్స్ మూసేయకండి. ఫైల్ దారి, మార్చిన తేదీ చూడండి. కరపత్రం సోమవారం అయిపోయి, బొమ్మ తేదీ బుధవారం ఉంటే అక్కడే దొరికినట్టు.

పాత ఫైల్ తెరిచినప్పుడు ఆ సందేశం వస్తే అప్‌డేట్ చేయకుండా తెరవండి. పేజీలో ఇంకా పాత ప్రివ్యూనే ఉంటుంది, ఏ బొమ్మ ఉండాలో తెలుస్తుంది. అసలు బొమ్మ కస్టమర్ వాట్సాప్‌లో ఉంటుంది, మళ్లీ తెప్పించుకుని 'నకిరేకల్_కత్తెర' లాంటి కొత్త పేరుతో దాచి రీలింక్ చేయండి. ఇకనుంచి ఒక్కో పనికి ఒక్కో ఫోల్డర్. పని అయ్యాక బొమ్మలన్నీ ఫైల్‌తో పాటే ఒకచోట చేరేలా ఇన్‌డిజైన్‌లో ప్యాకేజ్ చేయండి, పేజ్‌మేకర్‌లో 'సేవ్ యాజ్'లో 'ఆల్ లింక్డ్ ఫైల్స్' ఎంచుకోండి. ఓకే అయిన పీడీఎఫ్‌ను దాచుకుని, రెండోసారి కాపీలు అడిగితే దాని నుంచే వేయండి. అక్షరం మార్చేది లేనప్పుడు అసలు ఫైల్ ముట్టుకునే పనే లేదు.

బొమ్మ మ్యాటర్‌తో పాటే జరుగుతోంది

కర్సర్ అక్షరాల మధ్య ఉండగా ప్లేస్ చేశారు, బొమ్మ ఆ లైన్లో ఒక అక్షరంలా కూర్చుంది. బాణం టూల్‌తో పట్టుకుని కట్ చేయండి. ఖాళీ చోట క్లిక్ చేసి, కర్సర్ మ్యాటర్‌లో లేదని చూసుకుని పేస్ట్ చేయండి. బొమ్మ చుట్టూ అక్షరాలు తిరిగేలా చేసే టెక్స్ట్ ర్యాప్ ఆ తర్వాత పెట్టుకోవచ్చు.

స్క్రీన్ మీద మాత్రమే గరుకుగా ఉంటే అది డిస్‌ప్లే సెట్టింగ్, ప్రింట్‌కి సంబంధం లేదు. గుర్తు చుట్టూ తెల్లడబ్బా వస్తే అది జేపీజీ, ఇన్‌డిజైన్‌లో వెనక తెలుపు తీసేసిన పీఎస్‌డీ వాడండి. పేజ్‌మేకర్ సెపరేషన్లలో (ఒక్కో రంగుకు ఒక్కో ప్లేట్‌గా విడదీసినప్పుడు) కలర్ ఫొటో నల్ల ప్లేట్ మీదే వస్తే అది స్క్రీన్ రంగుల పద్ధతి ఆర్‌జీబీలో ఉండిపోయింది, ప్రింట్ రంగుల పద్ధతి సీఎంవైకేలోకి మార్చి రీలింక్ చేయండి. ఫైల్ కరప్ట్ అయింది, వైరస్ పట్టింది అనేవాళ్లుంటారు. అలా జరగడం అరుదు. పైవన్నీ చూశాకే దాని జోలికి వెళ్లండి.